రెండు బల్లలు, ఒక్క డాక్టరు

ఇంకొంచెం ముందుకు జరగండి నాయనా. వెనకాల గోడకు ఆనుకున్న అమ్మాయీ, నువ్వు కూడా రా. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. ఒక మనిషి నడుము బాగుచేయించుకుందామని తన కాళ్లమీద తాను నడిచి ఆసుపత్రిలోకి పోయాడు. పొద్దుగూకేసరికి వ్యానులో పండుకుని తిరిగొచ్చాడు. ఆ నడిమధ్యలో ఏం జరిగిందో ఒక పోలీసాయన ముడి విప్పాడు. ఎట్లా విప్పాడో చెప్తాను, వినండి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. ఆగస్టు నెల. గురువారం, దీపాలు పెట్టే వేళ.

పుంగనూరు పోలీస్ స్టేషన్ ముందు ఒక మెటడార్ వ్యాను కీచుమని ఆగింది.

వెనక తలుపు తెరిచారు. లోపల దుప్పటి కప్పిన శవం.

శవం పక్కనుంచి ఒక ఆడమనిషి కిందికి దూకింది. కొంగు జారుతున్నా పట్టించుకోలేదు. గబగబా మెట్లెక్కి లోపలికి వచ్చేసింది.

“సార్! మా ఆయన్ను సంపేసినారు సార్! సూదేసి సంపేసినారు!”

కుర్చీలోంచి లేచినాయన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నారాయణస్వామి. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట తక్కువ. చేతిలో లాఠీ ఉన్నా లేకున్నా జేబులో పంచాంగం మాత్రం ఉండాల్సిందే. దొంగను పట్టడానికి పోయినా వర్జ్యం చూసుకునే పోతాడని స్టేషన్లో చాటుగా నవ్వుకునేవాళ్లు.

“కూసో తల్లీ. ఎవురేసినారు సూది?”

“నర్సు. హమీదా అంట. డాక్టరే చెప్పినాడు. దాని ఇల్లు కూలిపోను! దాని వంశం నాశనమైపోను!”

ఆమె పేరు రెడ్డెమ్మ. చనిపోయినవాడు ఆమె మొగుడు గంగులప్ప. పెద్దపంజాణిలో మల్బరీ తోట పెట్టుకుని పట్టుపురుగులు పెంచేవాడు. వెన్నుపూసలో చీము పట్టింది. కుడికాలు తిమ్మిరెక్కి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. చీము తీయకపోతే రెండు కాళ్లూ పడిపోతాయన్నారు.

మదనపల్లెలో డాక్టర్ వెంకటేశులు నర్సింగ్ హోమ్ ఉండేది. ఆ చుట్టుపట్ల వెన్నెముక కోసి బాగుచేయగలిగినవాడు ఆయనొక్కడే. సదుం నుంచి, కుప్పం నుంచి మంచాలమీద మోసుకొచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు నడిచి ఇంటికి పోయేవాళ్లు. ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. అయితే ఆపరేషన్లు ఒక్క గురువారమే. మత్తు ఇచ్చే డాక్టరు చిత్తూరు నుంచి ఆ రోజే వచ్చేవాడు.

రెడ్డెమ్మ వెనకాలే ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. గంగులప్ప మేనమామ గోవిందప్ప. తలపాగా తీసి చేతిలో నలుపుతున్నాడు.

“ఆపరేషన్ ఎప్పుడు మొదలుపెట్టినారు పెద్దాయనా?”

“ఒకటిన్నర లోపలే సార్. గురువారం ఒకటిన్నరకు రాహుకాలం పడతాది గదా. దాని ముందే కత్తి పెట్టాలని నేనే పట్టుబట్టినా.”

ఇన్‌స్పెక్టర్ తలూపాడు. తన ఇంట్లోవాళ్లకైతే తానూ అంతే చేసేవాడు.

“లోపల్నే ఉండావా నువ్వు?”

“ల్యా సార్, వరండాలో. సిన్న డాక్టరు బయటికొచ్చి రక్తమైన చెయ్యి సూపించినాడు. కత్తి పెట్టేసినాం పెద్దాయనా అన్నాడు. నేను ఆడుండేవాళ్లందరికీ కలకండ పంచినా.”

“మళ్లా కబురెప్పుడొచ్చింది?”

“మూడు దాటినాక. పోయినాడని.”

“ఆ నర్సు యాడుంది?”

“మాయమైపాయ సార్!” అంది రెడ్డెమ్మ.

శుక్రవారం పొద్దున పుంగనూరు సర్కారు ఆసుపత్రిలో పోస్ట్‌మార్టం జరిగింది. కేసు మదనపల్లెదే అయినా, శవం ముందు వచ్చింది ఇక్కడికి. డీఎస్పీగారు విచారణ నారాయణస్వామికే అప్పజెప్పారు.

“ఊపిరి అందక పోయాడు,” అన్నాడు సర్కారు డాక్టరు. “మందు ఎక్కువైందా లేదా అన్నది ల్యాబు చెప్పాలి. నెల పడుతుంది.”

ఇన్‌స్పెక్టర్ శవం వీపు చూశాడు. నడిమధ్య జానెడు పొడుగున కుట్లు. దానికి పైన, కాస్త పక్కగా, ఇంకొక గాటు. వేలి గణుపంత.

“ఇదేంది?”

“కత్తి జారి ఉంటుంది. తొందరలో జరుగుతుంటాయి.”

ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ అడగలేదు. జీపు మదనపల్లెకు తిప్పించాడు.

డాక్టర్ వెంకటేశులు గదిలో కూర్చుని ఉన్నాడు. నెరిసిన జుట్టు, బంగారు ఫ్రేము కళ్లద్దాలు. మనిషి అలిసిపోయి కనిపించాడు. మాట మాత్రం తడబడలేదు.

“నిన్న ఎన్ని ఆపరేషన్లు డాక్టరుగారూ?”

“రెండు.”

“ముందు ఎవరిది?”

“పార్వతమ్మ. కుప్పంలో రైస్ మిల్లువాళ్ల ఆవిడ. ఒంటిగంటకు అయిపోయింది.”

“ఆమెను వార్డుకు ఎప్పుడు తెచ్చినారు?”

“నాలుగింటికి. బాగా మెలకువ వచ్చేదాకా టేబుల్ మీదే ఉంచాం.”

“గంగులప్పకు?”

“ఒకటీ ఇరవైకి ఇన్సిషన్. కావాలంటే వరండాలో ఉన్నవాళ్లను అడగండి. స్వీట్లు పంచుకున్నారు.”

“కోసింది మీరేనా?”

“నా థియేటర్లో నేను కాక ఇంకెవరు కోస్తారు?”

“మత్తు డాక్టరు?”

“పేషెంట్ తల దగ్గరే ఉన్నాడు. ఒక్క నిమిషం అటు తిరిగాడు. అంతలో ఆ అమ్మాయి రాంగ్ డోస్ ఇచ్చేసింది.”

“మీరు చూసినారా?”

“చూసి ఉంటే ఆపనా ఇన్‌స్పెక్టర్?”

థియేటర్ చూపించమన్నాడు. పక్కపక్కన రెండు గదులు. గదికొక బల్ల. నడుమ ఒక రెక్క తలుపు, తోస్తే అటూ ఇటూ ఊగుతుంది. అక్కడ అసిస్టెంట్ డాక్టరు నాగరాజు నిలబడి ఉన్నాడు. చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. చూపు నేలమీదే ఉంది.

“వరండాలోకి వచ్చి చెప్పింది నువ్వేనా?”

“అవును సార్.”

“రక్తం చూపించి?”

“చూస్తేగానీ నమ్మనన్నాడు సార్ ఆ పెద్దాయన.”

“నాగరాజూ!” లోపలినుంచి వెంకటేశులు పిలుపు. ఆ అబ్బాయి తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

చిత్తూరు మత్తు డాక్టరు కూడా అదే కథ చెప్పాడని సాయంత్రం కబురు వచ్చింది. మాటకు మాట సరిపోయింది. అతికినట్టు సరిపోయింది. అదే ఇన్‌స్పెక్టరుకు నచ్చలేదు.

ఫోన్ మోగింది. డీఎస్పీ.

“ఏమయ్యా, ఇంకా ఏం వెతుకుతున్నావు? నర్సు పారిపోయింది. అంతకంటే ఏం కావాలి? సోమవారం ఆమె కోర్టులో ఉండాలి. మర్డర్ చార్జి.”

ఇరవైమూడేళ్ల పిల్ల. ఆ మాట ఒక్కసారి ఆమె మీద పడిందంటే కడుక్కోవడానికి జన్మ చాలదు. చేతిలో రెండు రోజులే ఉన్నాయి.

హమీదా పుట్టినిల్లు కుప్పం. శనివారం పొద్దున జీపు సిద్ధమైంది. ఇన్‌స్పెక్టర్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పదిన్నర దాకా రాహుకాలం.

“సార్,” అన్నాడు కానిస్టేబుల్ మస్తాన్, స్టీరింగ్ మీద గడ్డం ఆనించుకుని. “దొంగోళ్లకు మాత్రం ఈ రాహుకాలం ల్యాకపాయె. టయానికి బైలుదేరేస్తారు నా కొడుకులు.”

“నువ్వు నోరు మూసుకుని డీజిల్ చూసుకో.”

“డీజిల్ ఉండాది సార్. టయమే ల్యా.”

కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బజారు వెనక సందులో పెంకుటిల్లు. వాకిట్లో చేటనిండా బీడీ ఆకు. హమీదా తల్లి ఫాతిమున్నీసా ఖాకీ బట్టలు చూడగానే చేట పక్కకు నెట్టి లేచింది. లోపల గోడవారగా కూతురు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“కూసోండి సాబ్. చాయ్ తాగుతారా?” ఆ తల్లి అందరికీ ఇచ్చి కూతురికీ ఒక గ్లాసు ఇచ్చింది.

“యాల వచ్చేసినావు హమీదా?”

“ఆడ ఉండలేకపోయినా సార్.”

“సూది నువ్వే ఏసినావా?”

ఆ పిల్ల చాయ్ గ్లాసు పెదవులకు ఆనించుకుంది.

“ఏం మందు? ఎంత ఏసినావు? ఎవురు ఏయమన్నారు?”

“నేనే సంపినా సార్!” ఒక్కసారిగా ఏడ్చేసింది. “నా చేతిలోనే పోయినాడు. రాసుకోండి. హమీదానే సంపిందని రాసుకోండి!”

“యా అల్లా! ఏం మాట్లాడతాండావే నువ్వు?” ఫాతిమున్నీసా గుండె బాదుకుంది. “సాబ్, కోడిని కోసేటప్పుడే కండ్లు మూసుకుంటాది సాబ్ ఇది! మనిషిని సంపుతాదా?”

మస్తాన్ జేబులోంచి కాగితం తీశాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లతోనే వద్దన్నాడు. ఆయన చూపు ఆ పిల్ల చాయ్ గ్లాసు మీద ఉంది. ఎడమ చేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి ఓణీ కింద ఉంది.

“ఆ చెయ్యి చూపించు.”

“ఏమీ ల్యా సార్.”

“చూపించు తల్లీ.”

మెల్లగా బయటికి తీసింది. వేళ్లు ఉబ్బి ఉన్నాయి. బొటనవేలి మొదట్లో కమిలి నల్లబడింది. పిడికిలి ముడుచుకోవడం లేదు.

“ఏమైంది?”

తల వంచేసుకుంది. ఆ చెయ్యి మళ్లీ ఓణీ కింద దాచుకుంది.

బయటికొచ్చాక మస్తాన్ అన్నాడు: “ఒప్పేసుకునె గదా సార్. ఇంకేంది?”

“మస్తాన్, సూదేస్తే ఎవుడి చెయ్యి వాస్తాది?”

“ఏయించుకున్నోడిది సార్.”

“మరి ఏసినామెది యాల వాచింది?”

తల్లినీ కూతురినీ జీపులో ఎక్కించుకున్నారు. లాకప్పులో పెట్టలేదు. మస్తాన్ అక్క ఇల్లు స్టేషన్ పక్కనే. అక్కడ ఉంచారు.

“పారిపోతే సార్?”

“ఆ చేత్తో తలుపు గొళ్లెం కూడా తీయలేదు. పద.”

ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్ సర్కారు డాక్టరు ఇంటికి పోయాడు. హమీదా చెయ్యి ఎట్లా ఉందో చెప్పాడు. డాక్టరు ఆసుపత్రికి తీసుకెళ్లి, బీరువాలోంచి నల్ల రబ్బరు సంచి ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

“మత్తులో ఉన్న మనిషి తానుగా ఊపిరి తీసుకోలేడు. నోట్లో గొట్టం వేసి, ఈ సంచి నొక్కుతూ మనమే ఊపిరి పోయాలి. కొలిమిలో తిత్తి ఊదినట్టు. అలవాటు లేనివాళ్లు చెయ్యి మార్చకుండా గంటా గంటన్నర నొక్కితే ఇట్లాగే అవుతుంది.”

“చెయ్యి మార్చొచ్చు గదా?”

“రెండో చెయ్యి గొట్టం కదలకుండా పట్టుకోవాలి. బోర్లా పడుకోబెట్టిన పేషెంటుకు అది ఇంకా కష్టం.”

“ఇది నర్సు చేసే పనేనా?”

“కానే కాదు. మత్తు డాక్టరు పని. ఆయన వదిలేసి పోతే తప్ప.”

ఇన్‌స్పెక్టర్ ఆ రబ్బరు సంచిని చేతిలోకి తీసుకున్నాడు. నొక్కాడు. వదిలాడు.

మత్తు డాక్టరు వదిలేసి యాడికి పోయినట్టు? ఉన్నది ఇంకొక్క బల్లే. అంటే పార్వతమ్మ ఆపరేషన్ ఒంటిగంటకు కాలేదు. ఆమె దగ్గర ఏదో ముంచుకొచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ అక్కడ ఆపరేషన్ నడుస్తుంటే వెంకటేశులు అక్కడే ఉండాలి గదా. మరి ఒకటీ ఇరవైకి గంగులప్ప వీపు మీద కత్తి పెట్టిందెవరు? పెట్టడమైతే నిజం. రక్తం చూసినవాళ్లున్నారు. ఆ ముసలాయన అబద్ధమాడే మనిషి కాదు. ఒక్క డాక్టరు ఒకేసారి రెండు బల్లల దగ్గర ఎట్లా ఉంటాడు?

ముడి అక్కడ పడింది. ఎటు లాగినా బిగుసుకుందే కానీ విడలేదు.

ఆదివారం పెద్దపంజాణి పోయాడు. రెడ్డెమ్మ వాకిట్లో పట్టుపురుగుల తట్టలు వరసగా ఉన్నాయి. ఆకు వేసేవాళ్లు లేక పురుగులు తలలెత్తి వెతుక్కుంటున్నాయి.

“రేపు ఆ నర్సును కోర్టులో పెట్టాల. మీరిద్దరూ తొలి బస్సుకు మదనపల్లె రావాల. ముందు నర్సింగ్ హోమ్ కాడికి రండి.”

“దాని మొగం సూడాల్నా సార్ నేను?” అంది రెడ్డెమ్మ.

గోవిందప్ప వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. “సోమవారం ఏడున్నరకు రాహుకాలం సార్. బస్సు సరిగ్గా ఆ టయానికే వస్తాది.”

“మరి?”

“ఉండండి సార్, ఒక్క నిమిషం.”

లోపలికి పోయి ఒక పంచె, ఒక తుండుగుడ్డ మూట కట్టాడు. దేవుడి పటానికి దండం పెట్టి వీధి దాటాడు. ఎదురింటి అరుగుమీద ఆ మూట పెట్టాడు. “చెంగమ్మా, నా మూట ఉండాది, సూస్తాండు,” అని కేకేసి వెనక్కి వచ్చి, నులకమంచం మీద నింపాదిగా కూర్చుని వక్కాకు తీశాడు.

పరస్తానం. మంచి గడియలో మూట ముందు గడప దాటిస్తే చాలు, మనిషి ఎప్పుడు పోయినా ఆ గడియలో పోయినట్టే లెక్క. ఇన్‌స్పెక్టరుకు కొత్తా ఏమిటి? ఆయన భార్య ఎన్నిసార్లు ఆయన పెట్టెను పక్కింట్లో పెట్టించలేదు?

“అయితే పయనమైపోయినట్టేనా పెద్దాయనా?” ఊరికే అడిగాడు.

“అయిపోయినట్టే సార్. మూట బైలుదేరె గదా. మనిషి రేపు పోతాడు.”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి వక్కాకు అందుకోబోయి గాల్లోనే ఆగిపోయింది.

మూట బయలుదేరింది. మనిషి ఇక్కడే ఉన్నాడు.

ఎదురింటి అరుగు వైపు చూశాడు. మంచంమీది ముసలాయన వైపు చూశాడు. గబుక్కున లేచాడు.

“మస్తాన్! జీపు తియ్యి!”

“యాడికి సార్?”

“సర్కారు డాక్టరు కాడికి. ఒకే ఒక్క మాట అడగాల.”

ఆ మాట అడిగాడు. సర్కారు డాక్టరు నవ్వబోయాడు. అంతలో నవ్వు ఆగిపోయింది. తాళాలు తీసుకుని మార్చురీకి పరుగెత్తాడు. శవాన్ని ఇంకా అప్పగించలేదు. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“నేను చూడాల్సింది ఇన్‌స్పెక్టర్. చూసి కూడా చూడలేదు.”

సోమవారం పొద్దున ఏడున్నర. మస్తాన్ జీపు దగ్గర నిలబడి గడియారం చూపించాడు. “సార్, మీ రాహువు.”

“ఎక్కి కూసో. పోదాం.”

మస్తాన్ కళ్లు పెద్దవి చేశాడు. బండి తీశాడు.

నర్సింగ్ హోమ్‌లో థియేటర్ ముందు గదిలో అందరూ చేరారు. డాక్టర్ వెంకటేశులు ఒకవైపు కుర్చీలో. ఆయన పక్కన చిత్తూరు నుంచి పిలిపించిన మత్తు డాక్టరు. తలుపు దగ్గర నాగరాజు. రెడ్డెమ్మ, గోవిందప్ప గోడవారగా. హమీదా తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి వస్తుంటే రెడ్డెమ్మ ముఖం తిప్పుకుంది. సర్కారు డాక్టరు ఆఖరున వచ్చి తలుపు మూశాడు.

“నాకు టైము లేదు ఇన్‌స్పెక్టర్,” అన్నాడు వెంకటేశులు. “వార్డులో పేషెంట్లున్నారు.”

“ఎక్కువసేపు పట్టదు. హమీదా, ఆ చెయ్యి అందరికీ చూపించు.”

చూపించింది.

“డాక్టరుగారూ,” ఇన్‌స్పెక్టర్ మత్తు డాక్టరు వైపు తిరిగాడు, “ఈ చెయ్యి ఇట్లా ఎందుకైంది?”

“నాకెట్లా తెలుస్తుంది?”

“తెలుస్తుంది. సంచి నొక్కి నొక్కి అయింది. ఆ సంచి ఎవరు నొక్కాలి? మీరు నొక్కాలి. మీరు తల దగ్గరే ఉంటే నర్సు చెయ్యి యాల వాస్తాది? ఒక్క నిమిషం అటు తిరిగితే ఇంత వాపు వస్తుందా? గంటకు పైగా ఎక్కడికి పోయినారు?”

మత్తు డాక్టరు చెమట తుడుచుకున్నాడు. వెంకటేశులు వైపు చూశాడు. ఆయన కళ్లు కలపలేదు.

“పార్వతమ్మకు బీపీ పడిపోయింది,” అన్నాడు మత్తు డాక్టరు. “బ్లీడింగ్ ఆగలేదు. నేనొక్కణ్ణే. ఇద్దరు పేషెంట్లు. ఎవరి దగ్గరుండను?”

“నోరు ముయ్యి!” వెంకటేశులు లేచాడు. “ఇన్‌స్పెక్టర్, నేను ఒకటీ ఇరవైకి గంగులప్పకు ఆపరేషన్ మొదలుపెట్టాను. అందుకు వీళ్ల పెద్దాయనే సాక్షి. అడగండి!”

“అడుగుతాను. గోవిందప్పా, నీ మూట నిన్ననే బైలుదేరింది గదా?”

ముసలాయన బిత్తరపోయాడు. “అవును సార్.”

“మరి నువ్వెప్పుడు బైలుదేరినావు?”

“ఈ పొద్దున సార్. బస్సుకు.”

“గురువారం గంగులప్పకు జరిగింది కూడా అదే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఒకటిన్నర లోపల కత్తి పెట్టకపోతే నువ్వు ఒప్పుకోవు. డాక్టరేమో పక్క గదిలో ఇరుక్కుపోయినాడు. అందుకని మూట ముందు పంపించినారు. వీపుమీద వేలి గణుపంత గాటు పెట్టి, ఆ రక్తం నీకు చూపించినారు. నువ్వు ఆపరేషన్ మొదలైందనుకున్నావు. ఆపరేషన్ కాదది, పరస్తానం.”

“ఊహలు!” అన్నాడు వెంకటేశులు. “ఆ చిన్న గాటు కత్తి జారి పడింది.”

“అయితే సర్కారు డాక్టరుగారు చెప్పేది వినండి. చిన్న గాటు చుట్టూ ఏముంది?”

“రక్తం కండలోకి ఇంకి గడ్డకట్టింది,” అన్నాడు సర్కారు డాక్టరు. “బతికున్నప్పుడు పడిన గాయం.”

“పెద్ద గాయం?”

“అంచులు తెల్లగా ఉన్నాయి. పైన కారిన రక్తాన్ని గుడ్డతో తుడవచ్చు. కండలోకి ఇంకింది ఎవరూ తుడవలేరు. అందులో ఇంకిన చుక్క లేదు.” ఒక్క క్షణం ఆగాడు. “ఆ కోత శవం మీద పడింది.”

రెడ్డెమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు జారిపోయింది.

“నాగరాజూ,” ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచలేదు. “చిన్నది నువ్వు. పెద్దది ఎవరు?”

నాగరాజు పెదవులు కదిలాయి. “సార్... మూడింటికి మా సార్‌తోబాటు నేనూ ఇటు వచ్చాను. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది. హమీదా ఇంకా నొక్కుతూనే ఉంది. సార్ ఆమెను బయటికి పంపేశారు. కత్తి తీసుకుని... కోశారు. కుట్లు వెయ్యమన్నారు. వేశాను. బల్లమీద పోయాడంటే ఎవరూ అడగరన్నారు. ఊరికే పడుకోబెట్టి పోగొట్టామంటే ఊరుకోరన్నారు.”

వెంకటేశులు కుర్చీలో కూర్చున్నాడు. కళ్లద్దాలు తీశాడు. అవి లేకపోతే ఆయన కూడా ముసలివాడే.

“ఈ చుట్టుపట్ల నేనొక్కణ్ణే,” అన్నాడు. “వారానికి ఒక్కరోజు. వరసగా చేస్తే రెండోవాడు ఇంకో వారం ఆగాలి. ఆగితే కాళ్లు పోతాయి. ఒకరికి కుట్లు వేస్తుండగా ఇంకొకరిని సిద్ధం చేస్తాం. ఎన్నో ఏళ్లుగా చేశాను. అందరూ నడిచి వెళ్లారు.”

“నిజమే. అందరూ నడిచి పోయినారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పార్వతమ్మ ఎడమ పాదం కదలడం లేదని వార్డులో ఇప్పుడే చూసొచ్చాను, అది వదిలేయండి. ఒక్క మాట చెప్పండి. గంగులప్పకు ఈ సంగతి చెప్పినారా? నిన్ను మత్తులో బోర్లా పడేసి నేను పక్క బల్ల దగ్గర ఉంటానని, ఆయనతో అన్నారా?”

డాక్టరు కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడవసాగాడు.

“ఎవరికైనా చెప్పినారా, ఇన్నేళ్లలో?”

మస్తాన్ వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“కాదు సార్, తప్పు నాదే!” హమీదా ముందుకు వచ్చింది. “సంచి గట్టిపడిపోయె సార్. ఎంత నొక్కినా గాలి పోల్యా. నేను వదిలేసి పక్క గదికి పరుగెత్తినా. నేను వదలకుండా ఉంటే...”

“వదలకుండా ఉన్నా బతికేవాడు కాదమ్మా,” అన్నాడు సర్కారు డాక్టరు. “గొట్టం మడతపడితే మనిషిని వెల్లకిలా తిప్పాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పిలవడమే నువ్వు చేయాల్సింది.”

“పిలిచింది సార్,” అన్నాడు నాగరాజు, ఏడుస్తూ. “తలుపు తోసుకుని మళ్లీ మళ్లీ వచ్చింది. వస్తున్నాం పో అన్నది మేమే.”

అప్పుడు గోవిందప్ప కదిలాడు. నాలుగడుగులు ముందుకు వేసి, నేలమీద కూలబడ్డాడు.

“టయం అడిగింది నేనే గదా సార్. రక్తం సూపించమన్నది నేనే. ఆడ లోపల నా బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటాంటే ఈడ నేను కలకండ పంచినా!”

రెడ్డెమ్మ ఆయన్ను చూసింది. ఓదార్చలేదు, తిట్టలేదు. లేచి నిలబడి హమీదా దగ్గరికి నడిచింది. ఫాతిమున్నీసా భయపడి కూతురికి అడ్డం వచ్చింది.

“అడ్డం తప్పుకోమ్మా. కొట్టను.” అంది రెడ్డెమ్మ. “అమ్మీ, ఒక్క మాట. ఒంటిగా పోయినాడా ఆయన?”

“ల్యాదక్కా. నేనుండా. పక్కనే ఉండా.”

“మత్తు ఇయ్యకముందు ఏమన్నా అన్నాడా?”

“పురుగులకు ఆకు ఏసేదానికి ఇంటికాడ ఎవురూ ల్యారు, సాయంత్రానికి పంపిస్తారా అని అడిగినాడక్కా.”

రెడ్డెమ్మ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. “అదే ధ్యాస. సచ్చేదానికి పోతా గూడా అదే ధ్యాస.” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “సూడమ్మీ, నిన్ను నానా మాటలన్నా. ఆఖరికి ఆయన కాడ ఉండింది నువ్వే. నేను గాదు, ఈ మామ గాదు. దినాలకు నువ్వు రావాల. మీయమ్మను గూడా పిల్చకరా. నువ్వు రాకుంటే ఆ కార్యం జరిగినట్టే గాదు నాకు.”

హమీదా తలూపింది. ఫాతిమున్నీసా రెడ్డెమ్మ భుజంమీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది, అన్నిరోజుల ఏడుపూ ఒక్కసారే.

ఆ రోజు కోర్టుకు పోయింది వెంకటేశులు, మత్తు డాక్టరు. కేసు ఏళ్లతరబడి నడిచింది. నాగరాజు సాక్ష్యం మార్చలేదు. వెంకటేశులుకు శిక్ష పడింది, డాక్టరు పట్టా పోయింది. పార్వతమ్మ కుడిచేతిలో కర్రతో నడిచింది, ఉన్నన్నాళ్లూ. హమీదా కుప్పం సర్కారు ఆసుపత్రిలో చేరి, పురుళ్లు పోస్తూ పేరు తెచ్చుకుంది. దినాలకు పోయిందా అంటే, పోయింది. విస్తరాకు ముందు కూర్చోబెట్టి రెడ్డెమ్మే వడ్డించింది.

ఇదీ జరిగింది. విన్నారు గదా, ఇక్కడే వదిలేసి పోకండి. రేపు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఎవరో నడుము ఆపరేషన్‌కు పోతారు. మంచిరోజు చూసుకోమనండి, వద్దనను. దేవుడికి మొక్కుకోమనండి. కానీ ఆ డాక్టరు కళ్లలోకి చూసి ఒక్క మాట అడగమని చెప్పండి: “ఈ పూట మీకు ఎన్ని బల్లలు నాయనా? నేను పండుకున్నంతసేపూ నా కాడ ఎవరుంటారు?” అడగడానికి సిగ్గుపడే వాళ్లుంటే గంగులప్ప కథ మొదటినుంచీ చెప్పండి. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. ఆ అడిగే మాట మాత్రం మరవకండి.